తిప్పిన రాయిని మళ్ళీ బోర్లించి రండి

శుక్రవారం సాయంత్రం అయిందంటే మహబూలా, మంగఫ్, అబూ హలీఫా క్యాంపుల నుంచి మనవాళ్ళు గుంపులు గుంపులుగా సముద్రం ఒడ్డుకు నడుస్తారు. ఇంటికి ఫోను మాట్లాడేవాళ్ళు కొందరు, ఊరికే కూర్చునేవాళ్ళు కొందరు, బకెట్టు పట్టుకుని రాళ్ళ వెంట తిరిగేవాళ్ళు ఇంకొందరు. వారమంతా సైటు దుమ్ము మింగిన గొంతుకు కాస్త ఉప్పుగాలి తగలడం మంచిదే. మాల్‌కు పోతే కళ్ళు నిండుతాయి గానీ జేబు ఖాళీ అవుతుంది. ఇక్కడ ఒక్క ఫిల్స్ ఖర్చు లేదు. బతాకా జేబులో ఉంటే చాలు.

ఈ వారం మేము రాయదలచింది ఆ బకెట్టు గురించి.

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే నేల చూడటానికి ఖాళీ జాగాలా ఉంటుంది. నాలుగు రాళ్ళు, నాచు, బురద, ఎవరో పారేసిన సీసా. కానీ కాస్త వంగి చూస్తే అక్కడ కాపురాలు కనబడతాయి. మనం తెలియక వాటి మీద నడుస్తున్నాం, తెలియక ఎత్తుకుపోతున్నాం. తెలుసుకుంటే మాత్రం, మనలాంటి జీతగాళ్ళకు ఈ దేశంలో అంతకంటే మంచి తమాషా మరొకటి లేదన్నది మా అభిప్రాయం. అది పాడుకాకుండా చూడటంలో మనకూ వాటా ఉందన్నది రెండో అభిప్రాయం. ఈ రెండోదానికి క్యాంపుల్లో ఎదురుమాట చాలా వినిపిస్తుంది. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

మనలో ఎక్కువమంది రాయచోటి, రాజంపేట, కడప వైపు వాళ్ళు. లేదంటే నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వాళ్ళు. చెరువు తెలుసు, వాగు తెలుసు, ఎండిన బావి మరీ బాగా తెలుసు. సముద్రాన్ని మొదటిసారి విమానం కిటికీలోంచి చూసినవాళ్ళు ప్రతి రూములోనూ ఉంటారు. కాబట్టి ఆటుపోట్ల లెక్క ముందు చెప్పాలి. గోదావరి, నెల్లూరు, శ్రీకాకుళం అన్నలకు ఇది తాత ముత్తాతల నాటి విద్య. వాళ్ళు ఈ ఒక్క పేరా వదిలేసి చదువుకోవచ్చు.

నీరు ఒడ్డుకు ఎక్కి రావడం పోటు, వెనక్కి తగ్గడం ఆటు. అరబ్బీలో మద్, జజర్ అంటారు. మామూలుగా రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఈరోజు సాయంత్రం 4 గంటలకు తగ్గిన నీరు రేపు అదే గంటకు తగ్గదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు సముద్రం బాగా ఎక్కి బాగా తగ్గుతుంది. అష్టమి దగ్గర కదలిక తక్కువ. అంటే రూము గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే మనకు సగం లెక్క చెబుతుంది. గంట, నిమిషం కావాలంటే ఫోనులో చూసుకోవచ్చు. ఉత్తరాన కువైట్ బేలో ఈ ఎక్కుడు దిగుడు 3, 4 మీటర్ల దాకా ఉంటుంది. రెండు నిలువుల నీళ్ళన్నమాట. అక్కడ నేల వాలు చాలా తక్కువ కాబట్టి సులైబిఖాత్ వైపు నీరు పోయిందంటే బురద మైదానం చూపు ఆనినంత దూరం కనబడుతుంది. దక్షిణాన మన క్యాంపుల వైపు ఇసుక, మధ్యమధ్య చదును రాళ్ళు. రెండు చోట్లా రెండు రకాల ఊళ్ళు.

ముందు మన వైపు రాళ్ళ సంగతి. నీరు తగ్గాక రాళ్ళ సందుల్లో గుంటలు మిగులుతాయి. ఒక్కో గుంట ఒక గంగాళం అంత ఉండవచ్చు, ఒక చెంబు అంతే ఉండవచ్చు. దాని పక్కన పదినిమిషాలు కదలకుండా కూర్చోవాలి. మన నీడ నీళ్ళలో పడకూడదు. మొదట ఏమీ కనబడదు. తర్వాత రాయి అనుకున్నది నడుస్తుంది. అది సన్యాసి పీత. దానికి వెనక భాగం మెత్తన, పుట్టుకతో వచ్చిన గట్టి డొప్ప అక్కడ లేదు. చచ్చిన నత్త వదిలిన గుల్ల దొరికితే అందులో దూరి కాపురం పెడుతుంది. ఒళ్ళు పెరిగితే రూము ఇరుకవుతుంది, ఇంకొంచెం పెద్ద గుల్ల వెతుక్కోవాలి. కొత్త గుల్లను కాళ్ళతో తడిమి, లోపల కొలిచి, నచ్చితే ఒక్క దూకులో మారిపోతుంది. ఆ ఒక్క క్షణమే దాని ఒంటికి రక్షణ లేనిది. మంచి గుల్ల కోసం రెండు పీతలు కొట్లాడుకోవడం కూడా చూడవచ్చు. బెడ్‌స్పేస్ కోసం తిప్పలు పడిన మనకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

ఇప్పుడు ఆలోచించండి. సెలవుకు ఇంటికి పోయేటప్పుడు పిల్లలకు ఇద్దామని మనం కవరు నిండా ఖాళీ గుల్లలు ఏరుకుంటాం. చచ్చినవే కదా, ఎవరికి నష్టం అనుకుంటాం. ఆ ఖాళీ గుల్లలే సన్యాసి పీతలకు ఇళ్ళు. పైగా మనం ఏరేది ఎప్పుడూ పగలని, పెద్దని, అందమైన గుల్లలనే. వాటికి కావలసినవీ అవే.

రాళ్ళ కింది లోకం ఇంకా పెద్దది. చదునైన రాయి ఒకటి మెల్లగా ఎత్తితే కింద చిన్న పీతలు, నత్తలు, పురుగులు, వేలెడంత చేపలు, సన్నటి పాముల్లాంటి అయిదు చేతులున్న నక్షత్రాలు, రాతికి అతుక్కున్న గుడ్ల మూటలు కనబడతాయి. నీరు తిరిగి వచ్చేదాకా అవన్నీ ఆ తడిలో, ఆ నీడలో ఊపిరి బిగపట్టుకుని ఉంటాయి. మనకు జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఎండపూట 11 నుంచి 4 వరకు బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. ఆ రూలు విలువ ఏమిటో షట్టరింగ్ పని చేసినవాళ్ళను అడగండి. ఆ జీవాలకు రాయే ఆ రూలు. మనవాళ్ళు పీత కోసమో, ఎర కోసమో రాయి తిప్పి, దొరికింది తీసుకుని, రాయిని వెల్లకిలా వదిలేసి పక్క రాయి దగ్గరికి పోతారు. కింద ఉన్నవి ఎండకు, పైన నాచు పట్టి ఉన్న ముఖం మట్టికి. రెండు వైపులా చావే. ఒక్క సాయంత్రం ఒక్క మనిషి నలభై రాళ్ళు తిప్పగలడు. తిప్పినదాన్ని ఉన్నది ఉన్నట్టు బోర్లించడానికి రెండు సెకండ్లు పడుతుంది. మొత్తం ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుండాలంటే ఈ మాట గుర్తుంచుకోమంటాం.

బురద వైపు పోదాం. సులైబిఖాత్ బురదలో నీళ్ళు లేకుండా గెంతే చేపలున్నాయి. ఇక్కడివాళ్ళు అబూ షలంబో అంటారు. కోనసీమ, కోరింగ మడ అడవుల దగ్గర పెరిగినవాళ్ళు ఇలాంటివాటిని చిన్నప్పుడే చూసి ఉంటారు. నెత్తిమీద ఉబ్బిన రెండు కళ్ళు, ముందు రెక్కలను మోచేతుల్లా ఆనించి నడక. మొప్పల గదిలో నీళ్ళు పట్టి ఉంచుకుని, తడి చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. ఒళ్ళు ఆరిపోకుండా అప్పుడప్పుడు బురదలో పొర్లుతుంది. ఇదంతా ఒక ఎత్తు, వాటిలో పెద్ద రకం ఒకటి చేసే పని ఇంకో ఎత్తు. అది తన బొరియ చుట్టూ నోటితో బురద మోసి గట్టు కడుతుంది. పక్క చేప గట్టు, ఇటుపక్క చేప గట్టు కలిసి అయిదు మూలలవో ఆరు మూలలవో మళ్ళు మళ్ళుగా బురదంతా కయ్యలు కట్టినట్టు ఉంటుంది. నీరు పోయినా ఆ మడిలో కాస్త తడి నిలుస్తుంది. ఆ తడిలో కంటికి ఆనని నాచు పెరుగుతుంది. చేప తల అటూ ఇటూ ఆడిస్తూ దాన్ని గీరుకుని తింటుంది. పక్కవాడు గట్టు దాటితే వీపు రెక్క లేపి నోరు తెరిచి పోట్లాటకు దిగుతుంది. కయ్య, గెనెం, నీళ్ళ తగాదా. మన ఊళ్ళో లేనిది ఇందులో ఏముంది? చేపల ఈ గట్ల వ్యవసాయాన్ని శాస్త్రవేత్తలు 1980ల్లోనే ఈ కువైట్ బురదల్లో పరిశీలించి రాశారు. ఎర కోసం వీటిని పట్టేవాళ్ళు ఆ గట్ల మీద ఒకసారి అడ్డంగా నడిస్తే మొత్తం మడి పోతుంది.

అదే బురద మీద మగపీత ఒకటి ఒంటి పెద్ద కొండితో పైకి కిందికి ఊపుతూ ఆడపీతను పిలుస్తుంటుంది. ఇంకాస్త ఇసుక కలిసిన చోట శనగగింజంత పీతలు ఇసుకను నోట్లో పెట్టుకుని అందులోని తిండి గీసుకుని, మిగిలిన ఇసుకను చిన్న ఉండలు చేసి వదిలేస్తాయి. నీరు తగ్గిన గంటలో బొరియ చుట్టూ రవ్వలడ్డూల దుకాణం పెట్టినట్టు ఉంటుంది. పోటు వచ్చి ఆ ఉండలన్నీ కరిగించేస్తుంది. రేపు మళ్ళీ మొదటినుంచి. ఓవర్‌టైం లేని డ్యూటీ.

ఇంత చిన్న జీవాల మీద ఎందుకింత రాస్తున్నారని అనవచ్చు. వీటిని తినడానికి వచ్చేవి చిన్నవి కాదు. చలికాలం మొదలవగానే ఉత్తర ధ్రువం వైపు నుంచి ఉల్లంకి పిట్టలు వేల మైళ్ళు ఎగిరి ఈ బురద మీద దిగుతాయి. కొన్ని ఇక్కడే చలికాలం గడుపుతాయి, కొన్ని నాలుగు రోజులు తిని బలం పుంజుకుని ఇంకా కిందికి పోతాయి. మన పులికాట్‌లో కనిపించే రాజహంసల జాతివే ఇక్కడ బే అంచుల్లో కూడా చలికాలంలో తల తలకిందులు చేసి నీళ్ళు వడగట్టుకుంటూ కనబడతాయి. నలుపు తెలుపు ఒళ్ళు, పీతల డొప్ప పగలగొట్టే బలమైన ముక్కు ఉన్న ఒక పక్షి మాత్రం ఈ ప్రాంతపుదే. ప్రపంచంలో అది గుడ్డు పెట్టేది గల్ఫ్, ఎర్ర సముద్రం, వాటి చుట్టుపక్కల తీరాల్లోనే. కువైట్‌లో బూబియాన్ వైపు దీవుల్లో ఇసుకలో సొరంగం తవ్వి అందులో ఒక్కటే గుడ్డు పెడుతుంది. బూబియాన్‌లోని ముబారక్ అల్ కబీర్ రిజర్వును 2015లో అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఆ పక్షి బతుకు మొత్తం పీతల మీద. పీతల బతుకు బురద మీద. మెస్‌లో మనకు నెలకొకసారి దొరికే రొయ్య కూడా పిల్లగా ఉన్నప్పుడు ఇలాంటి లోతు తక్కువ నీళ్ళలోనే పెరుగుతుంది. కువైటీలు ప్రాణంగా చూసుకునే జుబైది చేప, అదే మన చందువా, దాని పిల్లలకు కూడా ఈ బే నర్సరీ.

రాళ్ళకు అతుక్కుని అక్కడక్కడా అరచేతిలో సగం ఉండే ఒక ఆలిచిప్ప కనబడుతుంది. ముత్యపు చిప్ప అదే. నూనె దొరకకముందు ఈ దేశాన్ని పోషించింది అదీ, సముద్రమూ. వేసవి నెలల్లో పడవలెక్కి, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవాళ్ళు. దిగేవాడు పడవ యజమాని దగ్గర ముందే అప్పు తీసుకునేవాడు. సీజను అయ్యాక లెక్క చూస్తే అప్పు తీరేది కాదు, మళ్ళీ ఏడాది అదే పడవ ఎక్కాలి. 1930ల నాటికి జపాన్ వాళ్ళ పెంపకపు ముత్యాలు బజారుకు వచ్చి ఆ పని పడిపోయింది. వీసా డబ్బుకు ఏజెంటు దగ్గర తెచ్చిన వడ్డీ అప్పు తీర్చడానికే మొదటి రెండేళ్ళు పని చేసిన మనవాళ్ళు ఆ చిప్పను చూసి ఏమనుకుంటారో మేము చెప్పనవసరం లేదు. ఈ ఒడ్డున అప్పుతో దిగిన కూలీలం మనమే మొదటివాళ్ళం కాదు.

ఇక ఎదురుమాట. క్యాంపుల్లో ఈ సంగతి ఎత్తితే వచ్చే జవాబు ఒకటే: "అన్నా, టిప్పర్ల కొద్దీ మట్టి పోసి సముద్రాన్నే పూడుస్తున్నారు, మురుగంతా అందులోకే వదులుతున్నారు. నేను తెచ్చే అర బకెట్టు ఎండ్రకాయలతోనే సముద్రం మునిగిపోతుందా?"

ఈ మాటలో నిజం ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2001 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కువైట్ బేలో 2,500 టన్నులకు పైగా చేపలు చచ్చి తేలాయి. చంపింది ఒక బాక్టీరియా. నీళ్ళలో మురుగు, ఎరువుల సారం పెరగడం కూడా ఆ కథలో భాగమని పరిశోధకులు రాశారు. 2009 ఆగస్టులో మిష్రిఫ్ మురుగు పంపింగ్ స్టేషన్ చెడిపోయినప్పుడు శుద్ధి చేయని మురుగు నేరుగా సముద్రంలోకి పోయింది. 1991 యుద్ధంలో సముద్రంలోకి వదిలిన ముడి చమురు పక్కనున్న సౌదీలో వందల కిలోమీటర్ల తీరాన్ని కప్పేసింది. అది పీతల బొరియల్లోకి దిగి, పదేళ్ళు దాటాక కూడా మట్టిలో అలాగే ఉందని 2002, 2003లో చేసిన సర్వేల్లో తేలింది. వీటిలో ఏదీ లేబర్ క్యాంపు వాళ్ళు చేసింది కాదు. పెద్ద నష్టం పెద్దవాళ్ళదే. ఆ మాట రాయడానికి మాకు మొహమాటం లేదు.

అయినా ఆ అన్న వాదనతో మేము ఏకీభవించం. ఎందుకంటే మురుగు వల్ల, పూడిక వల్ల తగ్గిపోయిన చోటులోనే ఇప్పుడు ఆ జీవాలన్నీ ఇరుక్కుని ఉన్నాయి. పది మంది రూములో ఇరవై మందిని కుక్కినప్పుడు ఎవడో వచ్చి ఒక మంచం ఎత్తుకుపోతే, "నేను తీసింది ఒక్క మంచమే కదా" అంటే ఊరుకుంటామా? పైగా బకెట్టు ఒకటి కాదు. సెలవు రోజున ఒక్క క్యాంపు నుంచి యాభై మంది పోతే యాభై బకెట్లు. నడవగలిగిన దూరంలో ఉన్న రాళ్ళు మాత్రం అవే. వారం వారం ఏరిన చోట మూడేళ్ళకు ఏం మిగులుతుందో పాత కాపులను అడిగితే చెబుతారు. అప్పుడు గుప్పెడేసి దొరికేవి, ఇప్పుడు గంట వెతికినా లేవు అంటారు. అలా అనేవాళ్ళే మళ్ళీ బకెట్టు పట్టుకుని పోవడం మాకు వింతగా ఉంటుంది.

ఇంకో సంగతి చెత్త. ఒడ్డున బిర్యానీ తిన్న ప్లేట్లు, పెప్సీ డబ్బాలు, ఎర కట్టి తెగిన దారాలు అక్కడే వదిలేస్తున్నాం. తెల్లవారి ఆరు గంటలకు చీపురు, సంచి పట్టుకుని వాటిని ఏరే మనిషి ఎవరు? క్లీనింగ్ కంపెనీ యూనిఫాం వేసుకున్న మనలాంటి కూలీయే. చాలాసార్లు మన తెలుగువాడే. ఏ లక్కిరెడ్డిపల్లె నుంచో, ఏ ఆర్మూర్ నుంచో వచ్చి తక్కువ జీతానికి ఎండలో వంగి మన ప్లేటు ఎత్తుతున్నాడు. అతను రాకముందే పోటు వస్తే ఆ ప్లేటు సముద్రంలోకి పోతుంది. తెగిన దారం పక్షి కాలికి చుట్టుకుంటే ఇక విడిపించేవాడు లేడు. వదిలేసిన వలలు నీళ్ళ అడుగున ఏళ్ళ తరబడి చేపలను చంపుతూనే ఉంటాయి. వాటిని పైకి లాగడానికి కువైట్ డైవింగ్ బృందం వాళ్ళు స్వచ్ఛందంగా తిరుగుతుంటారు. వాళ్ళకు పని తగ్గించడం మన చేతిలో ఉంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2014లో ఈ దేశం 42వ నంబరు పర్యావరణ పరిరక్షణ చట్టం తెచ్చింది. దాన్ని అమలు చేయడానికి ప్రత్యేకంగా పర్యావరణ పోలీసులు ఉన్నారు. అందులోని జరిమానాలు వందల దినార్ల నుంచి వేలల్లోకి పోతాయి. మన జీతాలు ఎంతో మనకు తెలుసు. ప్రత్యేకంగా అనుమతి ఇచ్చిన సందర్భాల్లో తప్ప కువైట్ బేలో చేపలు పట్టడం నిషేధం. పరదేశి మీద కేసు పడితే అది జరిమానా దగ్గరే ఆగుతుందన్న నమ్మకం లేదు, ఇఖామా మీదికి కూడా రావచ్చు. కిలో పీతల కోసం ఊళ్ళో పెళ్ళీడుకొచ్చిన చెల్లెలి కట్నం పణంగా పెట్టే తెలివితక్కువవాడు మనలో ఎవడూ ఉండడు. తెలియకపోవడమే సమస్య. కార్గో డబ్బాలో పగడపు రాళ్ళు, పెద్ద శంఖాలు వేసి పంపేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన దేశంలో కూడా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పగడాలకు, సముద్రపు గుర్రాలకు, సముద్రపు దోసకాయలకు, కొన్ని రకాల శంఖాలకు రక్షణ ఉంది. అటు దిగాక కస్టమ్స్ వాళ్ళు అడిగితే జవాబు చెప్పుకోవలసింది పెట్టె మీద పేరున్న మనిషే.

తెలియకపోవడం అన్నాం కాబట్టి ఒక మాట. ఒడ్డున బోర్డులు పెడితే అరబ్బీలో, ఇంగ్లీషులో పెడతారు. మనవాళ్ళలో ఆ రెండూ చదవలేనివాళ్ళు ఎందరో. చదవలేని బోర్డు కింద పట్టుబడితే "బోర్డు ఉంది కదా" అంటారు. క్యాంపు నడిపే కంపెనీలు తలచుకుంటే నోటీసు బోర్డు మీద తెలుగు, హిందీ, బెంగాలీల్లో నాలుగు లైన్లు రాసి అంటించడం పావు దినారు పని. మెస్ టైమింగులు, రూము చెకింగు, బస్సు టైము అన్నీ అంటిస్తారు, ఇదీ అంటించవచ్చు. మన తెలుగు సంఘాలు కూడా ఉగాది, సంక్రాంతి, కార్తీక వనభోజనాలు చేస్తూనే ఉన్నాయి. కార్తీక పౌర్ణమి వచ్చేసరికి ఇక్కడ ఎండ తగ్గి ఉంటుంది. పౌర్ణమి కాబట్టి సముద్రం బాగా వెనక్కి పోతుంది. ఆ వారం వనభోజనం ఒడ్డున పెట్టి, భోజనానికి ముందో తర్వాతో ఒక గంట పిల్లలనూ పెద్దలనూ రాళ్ళ దగ్గరికి తీసుకుపోతే బాగుంటుందని మా సూచన. అలలు తెలిసిన గోదావరి పెద్దాయన ఒకరు ముందు నడిస్తే చాలు, మైకు అక్కర లేదు. క్యాంపుల్లో కుటుంబం లేకుండా ఉండేవాళ్ళను కూడా పిలవాలి. వాళ్ళకు ఆ రోజు పిల్లల గొంతులు వినబడటం కూడా ఒక పండగే.

వెళ్ళేవాళ్ళకు జాగ్రత్తలు. ఒంటరిగా పోవద్దు, ముఖ్యంగా బే వైపు బురదలోకి. మోకాలి దాకా దిగితే కాలు తీయడం కష్టం, వెనక నుంచి పోటు మొదలైందంటే చదును నేల మీద నీరు మనం నడిచేకంటే వేగంగా వస్తుంది. మనలో ఈత వచ్చినవాళ్ళు తక్కువ. నీరు ఎప్పుడు తిరుగుతుందో చూసుకుని దానికి అరగంట ముందే వెనక్కి రావాలి. వట్టి కాళ్ళతో నడవవద్దు, పాత సేఫ్టీ షూ వేసుకుంటే మేలు. లోతు తక్కువ నీళ్ళలో అడుగులు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే, ఇసుకలో దాగిన ముళ్ళతోక టేకు చేప తప్పుకుని పోతుంది. చేత్తో సందుల్లో తడమవద్దు, అక్కడ ముళ్ళ చేపలు, ముళ్ళ ఉండల్లాంటి జీవాలు ఉంటాయి. కోను ఆకారంలో అందంగా ఉండే గవ్వలో ప్రాణం ఉంటే దానికి విషపు బాణం కూడా ఉంటుంది, దాన్ని జేబులో వేసుకోవద్దు. గల్ఫ్ నీళ్ళలో సముద్రపు పాములు ఉన్నాయి. ఒడ్డున చచ్చినట్టు పడి ఉన్నా దగ్గరికి పోవద్దు, కర్రతో కదిలించవద్దు. చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు ముంచి ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. నంబరు 112.

ఇక ఆ నోటీసు. కంపెనీ రాసేదాకా ఆగనక్కర లేదు. చేతిరాత బాగున్న తమ్ముడు ఎవరైనా ఈ నాలుగు లైన్లు ఒక అట్ట మీద రాసి, క్యాంపు బాస్‌ను అడిగి, మెస్ తలుపు దగ్గర అంటించవచ్చు. "తిప్పిన రాయిని మళ్ళీ బోర్లించండి. ప్రాణం ఉన్నదాన్ని, ఖాళీ గుల్లను ఉన్నచోటే ఉంచండి. తెచ్చిన కవర్లు, దారాలు తిరిగి తీసుకురండి. నీరు తిరిగేలోపు ఒడ్డుకు రండి." పక్కనే ఆ నెల అమావాస్య, పౌర్ణమి తేదీలు రాస్తే, ఏ శుక్రవారం పోవాలో ఎవరినీ అడగక్కర లేదు.